అత్తయ్య ఊదేసిన డబ్బ

నా ఆడపడుచు కంప్యూటర్ ఎంత పని చెప్పినా అరవై తొమ్మిది డిగ్రీలు దాటదు. నాది అదే పనికి తొంభై మూడు దాకా ఎగబాకేది. ఆ రెండు అంకెల మధ్య నేను చాలా నెలలు బతికాను. మా ఆయన దీన్ని పట్టుదల అన్నాడు, ఆఫీసులో స్నేహితురాలు ఆరోగ్యకరమైన పోటీ అంది. రెండూ కాదు. అది కుళ్ళు. నాకు కళ్ళు కుట్టాయి, కడుపు మండింది. ఇంతకంటే మర్యాదైన మాట దానికి వెతకడం నాకు ఇష్టం లేదు.

ఈ పిచ్చి లేనివాళ్ళకు కొంచెం విడమర్చి చెప్పాలి. కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్. తయారు చేసినవాళ్ళు దానికో వేగం నిర్ణయించి, ఇంతలో నడుపుకోండి అని అమ్ముతారు. కొందరం ఆ మాట వినం. ఆటల్లో బొమ్మ ఎక్కడా తడబడకూడదని ఆ వేగాన్ని ఇంకా పైకి నెడతాం. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. వేగం పెంచిన కొద్దీ వేడి పెరుగుతుంది. వేడి మరీ ఎక్కువైతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. అప్పుడు మనం పడ్డ శ్రమంతా వృథా. సెట్టింగుల్లోకి వెళ్ళి వేగం పెంచడం ఎవరైనా చేస్తారు. పెంచాక చల్లగా ఉంచడంలోనే పనితనమంతా ఉంది.

ఆ పనితనం నాకుందని మా అత్తగారింట్లో అందరూ నమ్మేవాళ్ళు. నాది తెనాలి వైపు. మా ఆయన వాళ్ళది గోపన్‌పల్లి, అక్కడ ఇన్ని అపార్ట్‌మెంట్లు లేవకముందు నుంచీ అక్కడివాళ్ళే. పెళ్ళయ్యాక మేం నార్సింగిలో తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నాం. అత్తయ్య మాతోనే ఉంటుంది. నేను మాదాపూర్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తాను.

వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నాకు ఏదీ చేతనయ్యేది కాదు. జొన్నరొట్టె కొడితే పెనం మీదికి చేరేలోపే ముక్కలయ్యేది. నా పచ్చిపులుసు చూసి బంధువులు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు. వాళ్ళు గబగబా మాట్లాడితే సగం అర్థమయ్యేది కాదు, మిగతా సగానికి నవ్వేసి ఊరుకునేదాన్ని. ఒక్క యంత్రాల దగ్గర మాత్రం నా మాటకు తిరుగులేదు. ఎవరి ఫోను ఆగిపోయినా, ఎవరి టీవీలో బొమ్మ రాకపోయినా అత్తయ్య ఒకటే మాట అనేది.

"కోడల్ని అడుగుండ్రి."

ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం ఉండేది. చిన్నమ్మలూ పెద్దమ్మలూ తమ ఫోన్లు తెచ్చి నా చేతిలో పెట్టేవాళ్ళు. రొట్టె విరిగిపోయినప్పటి అవమానం అంతా ఆ ఒక్క మాటతో తీరిపోయేది. ఆ ఇంట్లో నాకున్న కుర్చీ అదే. దాన్ని ఎవరికీ ఇచ్చే ఉద్దేశం నాకు లేదు.

హాల్లో ఒక మూల, దేవుడి అల్మారాకు ఎదురుగా, నా కంప్యూటర్ ఉంటుంది. ప్రతి భాగం నేనే కొని నేనే బిగించుకున్నాను. ప్రాసెసర్‌ను చల్లబరచడానికి నీళ్ళ కూలర్ పెట్టాను. లోపల చిన్న పంపు ప్రాసెసర్ మీది వేడిని నీళ్ళతో లాగి, ముందున్న రేడియేటర్‌లోకి పంపుతుంది. రేడియేటర్ అంటే కారులో ఉండేదే, కాస్త చిన్నది, సన్నటి రేకులతో. దాని ముందు మూడు ఫ్యాన్లు, ఫ్యాన్ల ముందు దుమ్ము ఆపడానికి జాలీ. ఆ ఫ్యాన్లు బయటి గాలిని లోపలికి గుంజి రేకుల గుండా పంపిస్తాయి. ఇక వైర్లు. వైర్లన్నీ వెనక్కి లాగి, వరసగా పేర్చి, నల్లటి ప్లాస్టిక్ టైలతో జడ అల్లినట్టు కట్టాను. అద్దం తలుపులోంచి చూస్తే ఒక్క వైరు పక్కకు ఒరగలేదు. ఎవరైనా ఇంటికి వస్తే ముందు దాన్నే చూపించేదాన్ని. అప్పట్లో ఎంత గట్టిగా నడిపినా డెబ్భై దాటేది కాదు.

మా ఆడపడుచు నాకంటే చిన్నది. పెళ్ళయి గోపన్‌పల్లిలో వాళ్ళ అత్తగారి ఇంట్లో ఉంటుంది, మాదాపూర్‌లోనే బొమ్మలకు కదలిక తెప్పించే ఆఫీసులో పని చేస్తుంది. ఒక ఆదివారం నా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఆట ఆడి, వెనక్కి తిరిగి కళ్ళింత చేసింది.

"అబ్బా వదినె, ఏం ఉన్నదే నీ సిస్టం! గిసొంటిది నాకు గూడ గావాలె."

నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కన సోఫాలో వెల్లుల్లి పొట్టు తీస్తున్న అత్తయ్య ఒకసారి తలెత్తి కూతుర్ని చూసి, మళ్ళీ వెల్లుల్లిలో పడింది.

ఆ తర్వాతి శుక్రవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తయ్య కాఫీ ఇస్తూ అంది.

"ఇయ్యాల నీ డబ్బకు ఊదేసిన బిడ్డా."

ఆమె కంప్యూటర్‌ను డబ్బ అనే అంటుంది. యంత్రాల దగ్గరికే రాని మనిషి, మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని వంగి, నా డబ్బ మీద దుమ్ము ఊదిందంటే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. మా అమ్మ కూడా ఎప్పుడూ అలా చేయలేదు.

"ఎందుకత్తయ్యా మీకు శ్రమ?" అన్నాను.

"శ్రమేంది? జరసేపు. నా మనసు నిమ్మళం."

"అయితే ముందున్న జాలీ దగ్గర ఇంకా బాగా ఊదండి. గాలి లోపలికి వెళ్ళేది అక్కడి నుంచే."

"అవును బిడ్డా, నేను గూడ సూసిన. మంచిగ గుంజుకుంటది."

ఆ తర్వాత శుక్రవారాలు అదో అలవాటుగా మారింది. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటేనే ఆమె "ఊదేసిన బిడ్డా" అనేది. శుక్రవారం పూజ అయ్యాక ఇల్లంతా సాంబ్రాణి వాసన, చేతిలో కాఫీ, నా డబ్బను కూడా గుర్తుపెట్టుకున్న అత్తగారు. నా అదృష్టానికి నేనే మురిసిపోయేదాన్ని. ఆఫీసులో ఆడవాళ్ళు అత్తల మీద చాడీలు చెప్పుకుంటుంటే నేను ఈ కథ చెప్పి వాళ్ళ నోళ్ళు మూయించేదాన్ని.

కొన్నాళ్ళకు ఆడపడుచు తన కంప్యూటర్ తాను కట్టుకుంది. ప్రాసెసర్ నాదే రకం, నేను చెప్పిందే. కూలర్ దగ్గర మాత్రం నా మాట వినలేదు. నీళ్ళది తీసుకోమంటే తల అడ్డంగా ఊపింది.

"నీళ్ళు గీళ్ళు నాకు భయం వదినె. కారితే నా పనంతా ఆగమైతది. ఫ్యాన్‌దే చాలు."

ఇటుకంత రేకుల దిమ్మ, దానికో ఫ్యాను. అంతే. పైకి "నీ ఇష్టం" అన్నాను. లోపల మాత్రం, చూద్దాం, పది రోజుల్లో నా దగ్గరికే వస్తావు అనుకున్నాను. ఆమె వైర్లు కూడా సరిగా కట్టలేదు. తలుపు తీస్తే సేమియా పొట్లం చిరిగినట్టుండేది.

ఆమె మొదటి పరీక్ష ఫోటో పంపింది. ప్రాసెసర్‌ను ఆపకుండా గట్టిగా పనిచేయించి ఎంత వేడెక్కుతుందో చూసే పరీక్ష అది. అరవై తొమ్మిది. నేను నమ్మలేదు. ఇంకాసేపు నడపమన్నాను. ఇంకో ఫోటో వచ్చింది. అదే. నేను నా దాని మీద అదే పరీక్ష పెట్టి చాలా కాలమైంది. వేసవి వేడికి కాస్త పెరిగిందని తెలుసు గానీ లెక్క చేయలేదు. ఇప్పుడు పెట్టాను. అంకె డెబ్భై దాటింది, ఎనభై దాటింది, తొంభై దాటి ఇంకా పైకే పోతుంటే నేను పరీక్ష ఆపేశాను. ఫోన్‌లో ఆమెకు "సూపర్" అని బొటనవేలు బొమ్మ పంపాను. ఆ బొమ్మ పంపడానికి నాకు పట్టినంత బలం ఆఫీసులో ఏ పనికీ పట్టలేదు.

అప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. పంపు ఊడదీసి, ప్రాసెసర్ మీద పాత పేస్టు తుడిచి కొత్తది రాశాను. రెండు డిగ్రీలు తగ్గి మళ్ళీ ఎక్కింది. జాలీ ప్రతి వారం కడిగాను. ఏసీ దించాను, మా ఆయన స్వెటర్ వేసుకుని అన్నం తిన్నాడు. తర్వాత ఊరి మీద పడ్డాను. నార్సింగిలో ఎటు చూసినా కట్టడాలే, ఆ సిమెంటు దుమ్మంతా నా ఇంట్లోకే వస్తుంది అన్నాను. మా ఫ్లాటు పడమర ముఖం, ఎండంతా మాకే అన్నాను. మా ఆయన ఓపిగ్గా విని, "చెల్లె ఇంటి ముంగట గూడ కడుతున్నరు గదా" అన్నాడు. తన చెల్లెలు కదా మరి.

ఒకసారి గోంగూర పచ్చడి ఇచ్చే వంకతో గోపన్‌పల్లి వెళ్ళాను. పచ్చడి వంటింట్లో పెట్టి నేరుగా ఆమె కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టాను. చల్లటి గాలి తగిలింది. నడుస్తున్న యంత్రం వెనక అంత చల్లటి గాలి నాకు ఎప్పుడూ తగల్లేదు.

"సల్లగున్నది గదా వదినె!" అంది సంబరంగా.

ఆ పిల్లలో ఎక్కడా వెక్కిరింత లేదు. ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి సుళువయ్యేది. టీ తాగుతున్నంతసేపూ నేను ఆ డబ్బను కళ్ళార్పకుండా చూశాను. నరుడి కంటికి నల్లరాళ్ళు పగులుతాయంటారు. నా ఏడుపుకి ఆ డబ్బ ఈపాటికి పొగలు కక్కాలి. అది మాత్రం మెల్లగా గుర్రుమంటూ చల్లగా కూర్చుంది. నా కంట్లో పస లేదని ఆ రోజు తేలిపోయింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఒక సాయంత్రం అత్తయ్య వాళ్ళ చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడుతోంది. ఎవరిదో లాప్‌టాప్ కాలిపోతోందట. నేను వంటింట్లో చారు తాలింపు వేస్తూ, ఇప్పుడు నన్ను పిలుస్తుంది కదా అని పొయ్యి తగ్గించాను.

"బిడ్డను అడుగుండ్రి. దానికి మంచిగ ఎరుక. కోడలిది ఈ మధ్య జర గరమైతుందంట, పాపం పరేషాన్ల ఉన్నది."

తాలింపు మాడిపోయింది. నన్ను పక్కన పెట్టినందుకు బాధో, పాపం అన్నందుకు కోపమో తెలియదు. అత్తయ్య నన్ను కూడా బిడ్డా అనే పిలుస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఆ పిలుపుకు పొంగిపోయాను. తర్వాత చూస్తే కూరగాయల బండి అతన్ని కూడా బిడ్డా అనే పిలిచింది. పిలవడానికి అందరం బిడ్డలమే. ఎవరితోనైనా చెప్పేటప్పుడు మాత్రం బిడ్డంటే ఒక్కతే, నేను కోడల్ని. ఆ తేడా నాకు ఎప్పటి నుంచో తెలుసు. "కోడల్ని అడుగుండ్రి" అన్నంత కాలం అది నన్ను గుచ్చలేదు.

"నా డబ్బ వేడి సంగతి అత్తయ్యకు ఎవరు చెప్పారు?" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"అమ్మ అడిగింది, చెప్పిన. గంతే."

"ఊరందరికీ చెప్పకపోయారా?"

"దవాఖానల ఉన్నదా ఏంది నీ కంప్యూటర్, దాచిపెట్టనీకి?"

అతనితో ఆ పూట మాట్లాడలేదు. ఆడపడుచుకు ఫోన్ చేసి, ఆదివారం నీ కంప్యూటర్ తీసుకుని రా అన్నాను. ఒకే గది, ఒకే గాలి, ఒకే పరీక్ష. అప్పుడు తెలుస్తుంది అది గోపన్‌పల్లి గాలో, నీ గొప్పో అని పైకి అనలేదు. "సరదాగా" అన్నాను. ఆమె ఎగిరి గంతేసింది.

ఆదివారం ఆమె తన డబ్బను కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, దానికి సీటుబెల్టు కూడా పెట్టి తెచ్చింది. అత్తయ్య సర్వపిండి చేసింది. ఆ వాసనకే మా ఆయన సెలవు సార్థకమైంది. హాల్లో రెండు డబ్బలనూ పక్కపక్కన పెట్టాం. నాది నల్లగా, నిగనిగలాడుతూ, లోపల జడలతో. ఆమెది సేమియా పొట్లం. అత్తయ్య కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చుంది. ఆమెకు ఆ అంకెలు అర్థం కావు. అయినా కూతురి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తూ కూర్చుంది. ఈ రోజు నేను గెలిస్తే ఆ ఫోన్లన్నీ మళ్ళీ నా చేతికి వస్తాయి. నాకు కావలసింది అంతే.

రెండింటి మీదా ఒకేసారి పరీక్ష నొక్కాం. ఆమెది అరవైల్లోకి వెళ్ళి, అరవై తొమ్మిది దగ్గర కాసేపు తచ్చాడి, అక్కడే ఆగింది. నాది ఆగలేదు. తొంభై వచ్చింది. తొంభై మూడు వచ్చింది. ఫ్యాన్లు ప్రెషర్ కుక్కర్‌లా రొద పెట్టాయి. ఆ తర్వాత నేను దేన్ని చూడకూడదనుకున్నానో అదే చూశాను. నేను అంత కష్టపడి పెంచిన వేగం నా కళ్ళ ముందే జారిపోవడం మొదలుపెట్టింది. ప్రాసెసర్ చేతులెత్తేసింది.

"ఎవలిది సల్లగున్నది?" అంది అత్తయ్య.

మా ఆయన సర్వపిండి ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాడు.

"మీ బిడ్డదే అత్తయ్యా," అన్నాను.

ఆడపడుచు నా పక్కన వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "వదినె, రేడియేటర్ ఎన్నడన్న చూసినవా?"

"జాలీ ప్రతి వారం కడుగుతాను."

"జాలీ గాదు. ఫ్యాన్లు విప్పి, వెనక రేకులు."

చూడలేదు. ఫ్యాన్లు విప్పాలంటే వైర్లు ఊడదీయాలి. వైర్లు ఊడదీయాలంటే టైలు తెంచాలి. ఆ జడలు విప్పడం ఇష్టంలేక, అక్కడ ఏముంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె చెయ్యి చాపింది. నేను లేచి వెళ్ళి కత్తెర తెచ్చి ఇచ్చాను. ఆమె ఒక్కో టై కట్ చేస్తుంటే ఆ టక్ టక్ చప్పుడు వినలేక వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను.

ఫ్యాన్లు బయటికి వచ్చాయి. వెనక రేకులు కనిపించలేదు. రేకులు ఉండాల్సిన చోట గోధుమరంగు దుప్పటి పరిచినట్టుంది. మామూలు దుమ్ము కాదు, జిడ్డు. పొయ్యి వెనక గోడకు పట్టేలాంటిది. దుమ్ము వచ్చి దానికి అంటుకుని, దాని మీద మళ్ళీ జిడ్డు పట్టి, గాలి దూరే సందు లేకుండా పూడుకుపోయింది. ఆడపడుచు వేలితో గీరి వాసన చూసింది.

"అమ్మా, ఇది ఊదు గదా!"

"అవును, అత్తయ్యే ఊదుతారు," అన్నాను. "ప్రతి శుక్రవారం, పాపం."

"ఊదుడు గాదు వదినె. ఊదు."

"అదే, ఊదడమేగా?"

ఆడపడుచు నన్ను చూసింది. అత్తయ్య ఆమెను చూసింది. చివరికి అత్తయ్యే, కొత్తగా వచ్చిన పిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "ఊదు బిడ్డా. మీరు సాంబ్రాణి అంటరు సూడు, అది. నిప్పుల మీద ఏస్తె పొగ అస్తది."

మా అమ్మ కూడా అగరొత్తులను ఊదొత్తులనే అంటుంది. పుట్టినప్పటి నుంచీ విన్న మాటే. అందులో ఆ ఊదు ఏమిటని ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. అత్తయ్య ఇన్నాళ్ళూ చెప్పింది ఊదు ఏసిన అని. నేను విన్నది ఊదేసిన అని. నా డబ్బ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఆమె సాంబ్రాణి గిన్నె తెచ్చి జాలీ ముందు పెడితే, ఆ మూడు ఫ్యాన్లూ పొగనంతా లోపలికి గుంజుకున్నాయి. పైగా నేనే చెప్పాను, జాలీ దగ్గర ఇంకా బాగా ఊదండత్తయ్యా అని.

మా ఆయన సోఫాలో పడి దొర్లాడు. నవ్వు ఆగక దగ్గు వచ్చింది, దగ్గు ఆగాక మళ్ళీ నవ్వాడు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

"నేను పట్టంగనే అమ్మవారి లెక్క తాగుతుండె," అంది అత్తయ్య అయోమయంగా. "మంచిదే అనుకున్న. పాడైతదని నాకేమెరుక?"

"అసలెందుకు వేశారత్తయ్యా?"

"దిష్టి గదా బిడ్డా. ఆ పొద్దు ఇది నీ డబ్బ ముంగట కూసొని కండ్లింతింత జేసి, ఏం ఉన్నదే అన్నది. ఆడబిడ్డ కన్ను ఊకె పోతదా? నువ్వు ఆశపడి కట్టుకున్నది. అందుకే ప్రతి సుక్కురారం దానికి ఏసినంకనే దేవునికి."

దేవుడి కంటే ముందు నా డబ్బకు. ఆ మాట నా లోపల ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్ళింది. ఇన్ని నెలలుగా నేను ఆ పిల్లను చూసి కుళ్ళుకుంటుంటే, ఆ పిల్ల కన్ను నాకు తగలకుండా ఈవిడ కాపలా కాస్తోంది. నేను అత్తయ్య చెయ్యి పట్టుకోబోయాను. అప్పటికే ఆడపడుచు లేచి నిలబడింది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"నా కన్నా? నా కన్ను తాకుతదని వదినె దానికి ఏసినవా?"

"గట్ల గాదే..."

"మరి నా దానికి? నేను కట్టుకున్ననాడు ఫోటో తీసి ముందుగాల నీకే పంపిన. ఒక్కనాడన్న వచ్చి ఊదు ఏసినవా అమ్మా?"

"నీకేంది బిడ్డా," అంది అత్తయ్య. "నీది ఎప్పుడు సల్లగనే ఉన్నది గదా."

"సల్లగుంటే ఎయ్యవా?"

ఆడపడుచు ముక్కు ఎర్రబడింది. తన వైర్లు తనే పీకి, డబ్బను చంటిపిల్లలా ఎత్తుకుంది. సర్వపిండి తిని పొమ్మంటే తినలేదు. ఈ ఊరి పిల్లలెవరూ సర్వపిండి వదిలి వెళ్ళడం నేను చూడలేదు. లిఫ్టు దాకా వెంట వెళ్ళాను. ఆమె నా వైపు చూడకుండా అంకెల బల్బునే చూస్తూ నిలబడింది. పెదవి లోపలికి మడిచి కొరకడం, పక్కన ఉన్న మనిషి మంచిది కావడం వల్ల ఇంకా ఒళ్ళు మండటం. ఆ దారి అంగుళం అంగుళం నాకు తెలుసు. గోంగూర పచ్చడి ఇచ్చి వచ్చేటప్పుడు నేను నడిచిన దారే అది.

నాకు జాలి వేసిందని చెబితే అబద్ధం. నాకు హాయిగా ఉంది. అరవై తొమ్మిది డిగ్రీల పిల్ల నా తొంభై మూడును చూసి ఏడుస్తోంది. కొన్ని నెలల తర్వాత మొదటిసారి నా కడుపు చల్లబడింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాక నేను లోపలికి వచ్చి రెండు సర్వపిండులు తిన్నాను, ఆమె వాటాది కూడా.

ఆ వారమంతా తీరిక దొరికినప్పుడల్లా ఆ రేకులు శుభ్రం చేశాను. సబ్బు నీళ్ళు, మెత్తటి బ్రష్, మళ్ళీ సబ్బు నీళ్ళు. జిడ్డు కరిగి బకెట్లో నీళ్ళు టీ రంగుకు తిరిగేవి, బాత్‌రూమంతా గుడి వాసన వచ్చేది. చివరికి రేకులు వెండిలా తేలాయి. బాగా ఆరనిచ్చి, అన్నీ మళ్ళీ బిగించాను. వైర్లు ఈసారి జడలు వేయలేదు. అత్తయ్యకు ఒకటే చెప్పాను, ఇక పొగ పెట్టొద్దు అని. "ఇగ ఎయ్య బిడ్డా, ఫికర్ జెయ్యకు" అంది. ఆ శుక్రవారం ఆఫీసు నుంచి త్వరగా వచ్చి పరీక్ష నొక్కాను.

అరవై ఏడు. కాసేపు ఆగి చూశాను. అరవై ఏడే. ఆడపడుచుది అరవై తొమ్మిది, నాది అరవై ఏడు. నేను గెలిచాను.

"అత్తయ్యా!" అని అరుచుకుంటూ వంటింట్లోకి పరుగెత్తాను. లేదు. ఆమె గదిలోనూ లేదు. బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్న మా ఆయన చెయ్యి అడ్డం పెట్టి అన్నాడు. "అమ్మ గోపన్‌పల్లి పోయింది. చెల్లె దగ్గరికి. నాలుగొద్దులు ఉంటదంట."

దేవుడి అల్మారా కింద సాంబ్రాణి గిన్నె లేదు. అది ఉండే చోట నల్లటి గుండ్రటి మచ్చ ఒక్కటే ఉంది. నేను ఫోన్ చేశాను. అటు వెనక నుంచి గుర్రుమని ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

"అత్తయ్యా, నాది అరవై ఏడుకు వచ్చింది!"

"మంచిది బిడ్డా. సల్లగుండాలె. నేనిప్పుడు నా బిడ్డ డబ్బకు ఊదేస్తున్న, మల్ల జేస్త. ఇది గూడ మంచిగనే గుంజుకుంటుంది."

వద్దు, రేకులు పూడుకుపోతాయి, ఆమెది కూడా నాదానిలా అవుతుంది అని చెప్పబోయాను. అంతలో వెనక నుంచి ఆడపడుచు గొంతు వినిపించింది. ఆ జిడ్డును వేలితో గీరి నాకు చూపించిన పిల్ల. ఆ పొగ ఏం చేస్తుందో నాకంటే బాగా తెలిసిన పిల్ల.

"జాలీ దగ్గర ఇంక జర ఎయ్యి అమ్మా."

ఫోన్ పెట్టేశారు. నేను హాల్లోకి వచ్చి నా డబ్బ ముందు కింద కూర్చున్నాను. తెర మీద అరవై ఏడు వెలుగుతూనే ఉంది. కడుపులో మంట మళ్ళీ మొదలైంది, ఈసారి ఏ అంకె కోసమూ కాదు. వంగి జాలీ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ రాలేదు.